పడవల పాటలో సువార్త

మూడో రోజు మధ్యాహ్నం పన్నెండున్నరకి పాపాయమ్మ బైబిలు మూసి, కళ్ళజోడు కొంగుతో తుడుచుకుని, "పద" అంది.

గుమ్మంలో కూర్చుని ఇంటర్ పుస్తకం తిరగేస్తున్న వినీల తలెత్తింది. "ఎక్కడికి?"

"ఎక్కడికని అడుగుతావేంటే? రెండు రోజుల్నుంచి నా ప్రాణం తోడేస్తున్నావుగా. ఆ సినిమాకే."

వినీల పుస్తకం అక్కడే వదిలేసి చెప్పులు వేసుకుంది. మళ్ళీ నోరు తెరవలేదు. ఒక్క మాట ఎక్కువైనా అమ్మమ్మ మనసు మారిపోతుందని దాని భయం.

ఆ భయంలో అర్థం ఉంది. పాపాయమ్మకి అరవై నాలుగేళ్ళు. గున్నలంక లూథరన్ చర్చిలో ముప్ఫై ఏళ్ళు బైబిలు స్త్రీగా పనిచేసింది. పాస్టరు గారు ఆదివారం వచ్చి వెళ్ళిపోతే, మిగతా ఆరు రోజులూ ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళకి వాక్యం చదివి వినిపించడం, జబ్బుపడ్డవాళ్ళ మంచం పక్కన ప్రార్థన చెయ్యడం, పిల్లలకి పది ఆజ్ఞలు కంఠతా పట్టించడం ఆవిడ పని. ఆ చర్చిలో కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. తాగకూడదు. యానాం వెళ్ళి చవగ్గా సీసాలు తెచ్చుకోకూడదు. సినిమా హాలు మెట్టెక్కకూడదు. మొదటి రెండూ తప్పిన మగవాళ్ళు ఊరినిండా ఉన్నారు. మూడోది తప్పనివాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అందులో మొదటి వేలు పాపాయమ్మదే.

అలాంటి మనిషి ఇవాళ ఒక హిందీ సినిమాకి బయల్దేరింది. కారణం ఒక్కటే. వినీలకి తల్లి మొహం తెలియదు.

వినీల తల్లి సువార్త పాపాయమ్మకి ఒక్కగానొక్క కూతురు. ఎనభై అయిదులో పచ్చకామెర్లతో పోయింది. అప్పటికి వినీలకి రెండేళ్ళు. తండ్రి జంగారెడ్డిగూడెం వైపు తోటల్లో పనికి వెళ్ళి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. సువార్త తీయించుకున్నది ఒకే ఒక్క ఫొటో, పెళ్ళినాటిది. ఎనభై ఆరు వరద లంకలోకి వచ్చినప్పుడు ట్రంకుపెట్టెతో సహా అది గోదావరిలో కలిసిపోయింది. "అమ్మ ఎలా ఉండేది?" అని అడిగితే పాపాయమ్మ "అచ్చం నీలాగే" అనేది. వినీల అద్దం ముందు నిలబడి తనలో తనది కానిదేదో వెతుక్కునేది.

నాలుగు రోజుల కిందట, లంక జనాన్ని ఏరు దాటించే పంటు నడిపే పల్లంరాజు ఇంటికొచ్చి మరీ కబురు చెప్పాడు. అతను కాకినాడలో ఒక హిందీ సినిమా చూశాడు. దానిపేరు 'చాందీ కీ ఘంటీ'. అంటే వెండి గంట. "మన లంకేనండి! మన రేవు మెట్లు, మన చర్చి గంటస్తంభం! ఆడోళ్ళంతా మెట్లమీద నిలబడి ఉన్నారు. అప్పటికి నేను పోలవరంలో లాంచీ మీద ఉన్నాను కాబట్టి ఎవరు ఎవరో తెలీలేదు. శుక్రవారం నుంచి మూడు రోజులు కోటిపల్లి హాల్లో కూడా వేస్తారంటండి."

పద్నాలుగేళ్ళ కిందట తీసిన సినిమా అది. తీసినవాళ్ళలో తగువులొచ్చి డబ్బాల్లో మూలిగి మూలిగి ఇప్పటికి బయటపడింది.

"ఆ షూటింగుకి అమ్మ వెళ్ళిందటగా?" అంది వినీల ఆ రాత్రి అన్నం ముందు.

"వెళ్ళింది."

"అయితే ఉంటుంది. నువ్వొచ్చి చూపించు."

"ఊళ్ళో ఇంకెవరైనా చూపిస్తార్లే."

"ఎవరో చూపిస్తే ఎవర్నో చూసినట్టుంటుంది. నువ్వే చూపించాలి."

శుక్రవారం పాపాయమ్మ రానంది. శనివారం తలనొప్పంది. ఆదివారం ఆరాధనలో పాస్టరు గారు ఏం చెప్పారో ఒక్క ముక్క చెవికెక్కలేదు. ఇంటికొచ్చి, బైబిలు తెరిచి, మూసి, "పద" అంది.

పాపాయమ్మ భయం సినిమా హాలు గురించి కాదు. అది వినీలకి తెలియదు.

*

పంటు మీద పల్లంరాజు గోల మామూలుగా లేదు.

"బైబిలమ్మ గారు హాలుకే! ఆయ్, ఇవాళ గోదారి ఎదురు పారుద్దండి!"

"నోరు మూసుకుని పంటు నడుపు, పల్లంరాజూ."

"నడుపుతున్నానండి. లోపల కాస్త ప్రార్థన పెట్టండేం. ఆ మిషను రీలు రీలుకీ ఆగుద్ది."

పాపాయమ్మ ముసుగు ముందుకి లాక్కుంది.

శ్రీ వెంకటదుర్గ టాకీస్ ఏటిగట్టు దిగితే అక్కడే. రేకుల కప్పు, ఆడవాళ్ళకి ఎడమవైపు బెంచీలు, మధ్యలో నడుం ఎత్తు గోడ. ఆడవాళ్ళ వైపు మొత్తం ఆరుగురే ఉన్నారు. దీపాలు ఆరిపోగానే పాపాయమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. ఇద్దరిలో ఎవరిది చల్లగా ఉందో చెప్పడం కష్టం.

హిందీ వినీలకి బళ్ళో నేర్పినంత వచ్చు. చెవిలో గుసగుసగా చెబుతూనే ఉంది. పడవవాడి భార్యకి ఏట్లో ఒక వెండి గంట దొరుకుతుంది. నీళ్ళలోంచి ఒక దేవత లేచి, ఆ గంట ఒక్కసారే మోగుతుందనీ, మోగేముందు ఏది కోరుకుంటే అది జరుగుతుందనీ చెబుతుంది. అయితే గంట చప్పుడు వినపడినంతసేపే ఆ కోరిక నిలుస్తుంది. చప్పుడు ఆగిందా, అంతా మామూలే. ఊరంతా ఆమె వెంటపడుతుంది. నా కోరిక అడుగు, నా కోరిక అడుగు అని. ఆమె ఎవరికోసమూ గంట మోగించదు.

నీళ్ళలోంచి దేవత లేచినప్పుడు పాపాయమ్మ కళ్ళు మూసుకుని పరలోక ప్రార్థన చెప్పుకుంది. రెండోసారి లేచినప్పుడు మళ్ళీ చెప్పుకుంది. మిగతా సినిమా అంతా రెప్ప కూడా వెయ్యలేదు. తెరమీద ఏ ఆడది కనిపించినా ముందుకి వంగి చూసేది. కాదు. ఇది కాదు. ఇదీ కాదు.

ఆమెకి ఎనభై అయిదు జనవరి గుర్తొస్తోంది. బొంబాయి వాళ్ళు లంకలో దిగి, పాట తియ్యాలి, ఆడవాళ్ళు కావాలి, రోజుకి ఇరవై రూపాయలూ భోజనమూ అన్నారు. మన సంఘం వాళ్ళెవరూ వెళ్ళకూడదని పాపాయమ్మ చర్చి మెట్లమీద నిలబడి చెప్పింది. ఆ సాయంత్రం ఆరాధన నుంచి వస్తుంటే పక్కింటి పెద్దింట్లమ్మ వాకిట్లో ఏడాదిన్నర వినీల గుక్కపట్టి ఏడుస్తోంది. సువార్త కనపడలేదు. కాసేపటికి వచ్చింది, మొహాన సగం కడిగిన రంగుతో.

"పసిదాన్ని పొద్దుట్నుంచి పక్కింట్లో పడేసి వేషాలకి పోయావా?"

"నాతోనే ఉందమ్మా పొద్దుట్నుంచి. మొహం కడుక్కుందామని ఇప్పుడే ఇచ్చాను. నా చంకలో దాన్ని కూడా తీశారు. కావాలంటే సినిమా వచ్చినప్పుడు చూసుకో."

సినిమా వచ్చినప్పుడు చూసుకో. ఆ మాటకి పాపాయమ్మకి ఒళ్ళు మండిపోయింది. పక్కింటికి నాలుగడుగులు వేసి పెద్దింట్లమ్మని ఒక్క మాట అడిగితే తేలిపోయేది. అడగలేదు. ఆదివారం నాడు చర్చిలో స్త్రీల వైపు నుంచి లేచి నిలబడి, అందరిముందూ చెప్పింది. పాలు మానని బిడ్డని దిక్కులేకుండా వదిలేసి నా కూతురు సినిమా వేషానికి వెళ్ళింది, నా కూతురని చూడకండి అంది. పెద్దలు చూడలేదు. మూడు నెలలు సువార్తకి ప్రభువు బల్ల, అంటే నెలకోసారి ఆరాధనలో పంచే రొట్టె, ద్రాక్షరసం, ఇవ్వకుండా ఆపారు. ఆ మూడు నెలలూ సువార్త గుమ్మం పక్కన ఆఖరి బెంచీమీద కూర్చుంది. రొట్టె అందరికీ అందుతుంటే తలొంచుకుని ఒళ్ళో పిల్ల జుట్టు చెవి వెనక్కి సవరిస్తూ ఉండేది. తల్లితో మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. వానలు మొదలయ్యాక పోయింది.

సినిమాలో ఆ బిడ్డ లేకపోతే తను చెప్పింది నిజం. ఉంటే?

పద్నాలుగేళ్ళుగా పాపాయమ్మ ఆ ప్రశ్నకి జవాబు రాకూడదనే కోరుకుంది. ఇవాళ రావాలని కోరుకుంటోంది. ఎందుకో ఆమెకే తెలియదు.

తెరమీద పడవవాడు మునిగిపోయాడు. అప్పుడు భార్య గంట తీసింది. ఒక్కసారి మోగించింది. అతను వచ్చాడు. ఏమీ మాట్లాడలేదు. పడవ తాడు కట్టాడు, ఒడ్డున కూర్చున్నాడు, ఆమె వైపు చూశాడు. చప్పుడు సన్నగిల్లి సన్నగిల్లి ఆగిపోయింది. ఒడ్డు ఖాళీ.

దీపాలు వెలిగాయి. సినిమా అయిపోయింది. సువార్త రాలేదు.

*

గట్టెక్కేదాకా వినీల ముందు నడిచింది. గట్టుమీద ఆగింది.

"చూశావా?"

"లేదే."

"నిజం చెప్పమ్మమ్మా. చూసి కూడా చెప్పలేదు కదూ? అమ్మ షూటింగుకి వెళ్ళిందని నీకు కోపం. అందరూ చెప్పారు నాకు."

"చూస్తే చెప్పనా?"

"కళ్ళు మూసుకున్నావు. నేను చూశాను. రెండుసార్లు. పెదాలు కదులుతున్నాయి."

"ఆ నీళ్ళలోంచి లేచిన బొమ్మని చూడలేక..."

"ఆ రెండుసార్లలోనే అమ్మ వచ్చి వెళ్ళిపోయిందేమో!"

అదే అనుమానం పాపాయమ్మకీ ఉంది. ప్రార్థన చేసుకుంటున్నప్పుడే కూతురు వచ్చి, తల్లి చూడట్లేదని చూసి, వెళ్ళిపోయిందేమో.

రేవులో ఆఖరి పంటు ఆగి ఉంది. సైకిళ్ళు, పాల క్యాన్లు, రెండు మోపెడ్లు, ముప్ఫైమంది జనం. టైము అయిదుంపావు.

"ఎలా ఉందండి?" అన్నాడు పల్లంరాజు. "పడవల పాట చూశారా? మన గంటస్తంభం ఎంత బాగా పడిందో!"

వినీల చప్పున తలెత్తింది. "పడవల పాటేంటండీ? ఉన్నవి రెండే పాటలు. రెండూ కొండలమీద."

"అదేంటమ్మా? ఇంటర్వెల్ అయ్యాక. ఆడోళ్ళంతా మెట్లమీద నిలబడి దీపాలు వదులుతారు..."

"లేదండి."

పల్లంరాజు నోరు తెరిచి, అలాగే ఉంచి, చేత్తో నుదురు కొట్టుకున్నాడు. "అయ్యబాబోయ్! కోసేశాడు! బుజ్జిబాబు కోసేశాడు! ఛ, నా బుర్ర! ముందే చెప్పి ఉండాల్సింది."

"కొయ్యడమేంటి?" అంది పాపాయమ్మ.

"నా పంటు కోసమేనండి. సగం జనం మన ఒడ్డు వాళ్ళే కదా. మూడు గంటల సినిమా పూర్తిగా వేస్తే ఆఖరి పంటు అందదు. పంటు అందదంటే మ్యాట్నీకి ఎవరొస్తారు? అందుకని పెద్ద సినిమా ఏదొచ్చినా ఆపరేటరు బుజ్జిబాబు పొద్దున్నే ఓ పాటో, ఓ ఫైటో కోసి పక్కన పెట్టేస్తాడు. డబ్బా వెనక్కి పంపేటప్పుడు మళ్ళీ అతికించేస్తాడు. ఈ ఊరికి అది మామూలేనండి."

"డబ్బా ఎప్పుడు పంపుతారు?" అంది వినీల.

"రేపు పొద్దున్న మొదటి బస్సుకి. ఆనక ఏ ఊరు పోద్దో, అసలు మళ్ళీ ఎవడైనా వేస్తాడో లేదో."

పాపాయమ్మ అప్పటికే వెనక్కి తిరిగి నడుస్తోంది.

"బైబిలమ్మ గారూ!" పల్లంరాజు కేకేశాడు. "అయిదున్నరకి తియ్యాలండి. మీకోసం ఆరు దాకా ఆపుతాను. ఆరు దాటితే ఇసక మేట కనపడదు. అప్పుడిక నా చేతుల్లో ఉండదు!"

"ఆరేంటి? నా గేదె ఎదురుచూస్తూ ఉంటది!" అన్నాడు పాల క్యాన్ల మీద కూర్చున్నవాడు.

"నీ గేదెకి నేను చెప్పుకుంటాలే, కూర్చో!"

*

కేబిన్‌కి ఇనప మెట్లు పద్దెనిమిది. పాపాయమ్మ మోకాళ్ళు మెట్టు మెట్టుకీ మొరాయించాయి. పైన బనీనుతో కూర్చుని పకోడీలు తింటున్న యాభై ఏళ్ళ మనిషి ఉలిక్కిపడి లేచాడు.

"ఎవరండీ? ఫస్ట్ షోకి ఆరున్నర దాకా వదలరు మామ్మగారూ. కింద కూర్చోండి."

"బుజ్జిబాబంటే నువ్వేనా?"

"ఆయ్, నేనేనండి."

"నువ్వు కోసిన ముక్కలో నా కూతురుంది బాబూ."

బుజ్జిబాబుకి అర్థం కాలేదు. ఆయాసపడుతున్న ముసలావిడ వెనకాల ఒక పిల్ల మెట్టుమీదే నిలబడి అతని వైపు రెప్ప వెయ్యకుండా చూస్తోంది. వినీలే గబగబా చెప్పేసింది. లంక, షూటింగు, వరద, ఫొటో, పంటు. అన్నీ కలిపి రెండు నిమిషాలు పట్టింది.

అతను పకోడీల పొట్లం మడిచి కిటికీలో పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు.

"ముప్ఫై ఏళ్ళుగా కోస్తున్నానండి. జనం ఇళ్ళకి చేరాలనే కోస్తాను. ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా వచ్చి నా ముక్కేదని అడగలేదు." బల్ల కిందనుంచి బిస్కెట్ల డబ్బా ఒకటి లాగాడు. మూతమీద సుద్దతో 'ఘంటీ, 11' అని రాసుంది. "ఫస్ట్ షోకి అతికిద్దామనే అనుకున్నాను, నిన్నా మొన్నా బద్ధకించాను. అబద్ధం ఎందుకు. పదండి, కిందకి వెళ్ళి కూర్చోండి. మధ్యలో కూర్చోండి, ఇప్పుడు ఆడా మగా లేదు. ఈ ముక్క మూడున్నర నిమిషాలు వస్తుంది."

"టైమెంతయింది బాబూ?"

"అయిదూ ముప్ఫై రెండు."

ఖాళీ హాలు చాలా పెద్దదిగా ఉంది. రేకుల కన్నాల్లోంచి సాయంత్రపు ఎండ చుక్కలు చుక్కలుగా బెంచీలమీద పడుతోంది. వెనకాల మిషను చిటపటలాడింది. తెర తెల్లగా వెలిగింది.

గోదావరి.

వరద తినెయ్యకముందు ఉన్న రేవు అది. మెట్లన్నీ ఉన్నాయి. పడవలు వరసగా, ఒక్కో పడవలో దీపాలు. నటీమణి గంట పట్టుకుని పాడుతోంది. ఆమె వెనక మెట్లమీద లంక ఆడవాళ్ళంతా నిలబడి ఆమెనే చూస్తున్నారు. కెమెరా మెల్లగా ఆ మొహాలమీదుగా జరుగుతోంది.

"అది రామలక్ష్మి," అంది పాపాయమ్మ గుసగుసగా. "వరదకి పోయింది. దాని వెనక మేరమ్మ. ఆ పొట్టిది మేరమ్మ తోడికోడలు. ఆ పక్కది..."

ఆగిపోయింది. మనవరాలి ముంజేతిమీద ఆమె వేళ్ళు బిగుసుకున్నాయి.

"అదిగో."

నీలం చీర. నుదుటిమీద పడిన జుట్టు. అందరూ నటీమణి వైపు చూస్తుంటే ఆమె ఒక్కతే తిన్నగా ఇటు చూస్తోంది. చూడొద్దని వంద సార్లు చెప్పి ఉంటారు. ఆమె చంకలో పసుపుపచ్చ టోపీ పెట్టుకున్న బిడ్డ ఉంది. కెమెరా దగ్గరికి రాగానే ఆమె ఆ బిడ్డ గడ్డం పట్టుకుని, మొహం ఇటు తిప్పింది. కనపడాలి అన్నట్టు. ఎవరికో చూపించాలి అన్నట్టు. నవ్వింది.

ఎనిమిది సెకన్లు ఉంటుందేమో. కెమెరా జరిగిపోయింది.

"ఆ పిల్లెవరు?" అంది వినీల.

"నువ్వే."

పాట అయిపోయింది. తెర తెల్లబడింది. దూరంగా రేవులోంచి పంటు హారను ఒకసారి మోగింది.

పాపాయమ్మ లేచి వెనక్కి తిరిగి, ఎత్తుగా ఉన్న కేబిన్ కన్నం వైపు చేతులు జోడించింది. "బాబూ, ఇంకొక్కసారి."

రీలు చేత్తో వెనక్కి తిప్పుతున్న చప్పుడు వినిపించింది. ఆ నాలుగు నిమిషాలూ ఇద్దరూ నిలబడే ఉన్నారు.

రెండోసారి పాపాయమ్మ కూతుర్ని తక్కువగా చూసింది. చూడాల్సింది వేరే ఉంది. ఎండ గంటస్తంభం వెనకనుంచి వస్తోంది. నీడలు పొడుగ్గా ఏటివైపు పడుతున్నాయి. ఆ రేవులో ఎండ అటునుంచి వచ్చేది పొద్దున్న ఎనిమిదింటికి. బిడ్డ నోట్లో ఏదో బెల్లంముక్క చప్పరిస్తోంది. కాలు తల్లి నడుం చుట్టూ వేసుకుని, ఆ చంక తన సొంత ఇల్లన్నట్టు దర్జాగా ఉంది. వదిలేసిన బిడ్డ కాదది. పొద్దుట్నుంచి తల్లిని వదలని బిడ్డ.

సువార్త మళ్ళీ ఆ గడ్డం పట్టుకుని ఇటు తిప్పింది. మళ్ళీ నవ్వింది.

"చూశానమ్మా," అంది పాపాయమ్మ పైకే. "చూశాను."

హారను రెండుసార్లు మోగింది.

బుజ్జిబాబు కిందకి దిగొచ్చాడు. అరచేతిలో అగ్గిపెట్టె ఉంది. వినీల చేతిలో పెట్టాడు. "నాలుగు బొమ్మలు కత్తిరించానమ్మా. వరసగా నాలుగు. తెరమీద కంటికి కూడా ఆనదు. డబ్బా వాళ్ళు కొలిచి పట్టుకుంటే నన్ను తిడతారు. తిట్టనీ. ఎండకి పెట్టి చూసుకో, వేలిముద్ర పడనియ్యకు."

"మంది సొమ్ము..." అంది పాపాయమ్మ.

"మీ సొమ్మేనండి. పరిగెత్తండి, అయిదూ యాభై అయింది!"

*

పంటు మీద జనం సణిగారు. పల్లంరాజు వచ్చిన ఇద్దరి మొహాలూ చూసి పంటు తీశాడు. గేదె మనిషిని కళ్ళతోనే ఆపాడు.

నడిమి ఏటికి వచ్చాక పాపాయమ్మ చెప్పింది. దాచుకోకుండా, తగ్గించకుండా చెప్పింది. పెద్దింట్లమ్మ వాకిలి, సువార్త అన్న మాట, తను అడగని ప్రశ్న, చర్చిలో లేచి నిలబడింది, ఆఖరి బెంచీ. వినీల వింది. విన్నాక లేచి పంటు అవతలి అంచుకి వెళ్ళి, వీపు తిప్పుకుని నిలబడింది.

పాపాయమ్మ పిలవలేదు. పిలిచే హక్కు తనకి ఉందనుకోలేదు.

పొద్దు గోదావరి మీదకి దిగుతోంది. వినీల అగ్గిపెట్టె తెరిచి, ఆ చిన్న ముక్కని అంచులు పట్టుకుని ఎర్రటి వెలుగుకి ఎత్తింది. ఒడ్డు దగ్గరపడుతుండగా వెనక్కి వచ్చి అమ్మమ్మ పక్కన కూర్చుంది.

"ఇందులో నేను ఏడుస్తున్నానా?"

"లేదే. బెల్లం తింటున్నావు."

"అమ్మకి నీమీద కోపమున్నట్టుందా?"

పాపాయమ్మ తల అడ్డంగా ఊపింది.

"మరి ఎవరికి చూపిస్తోంది నన్ను?" అంది వినీల. అడిగిందే గానీ జవాబు కోసం ఆగలేదు. తల అమ్మమ్మ భుజంమీద వాల్చింది. "నాలాగే ఉందన్నావు. ఏం కాదు. నాకంటే బావుంది."

*

మార్చి మొదటి ఆదివారం ప్రభువు బల్ల. పాస్టరు గారు రొట్టె మీద గుడ్డ తియ్యబోతుంటే స్త్రీల వైపు నుంచి పాపాయమ్మ లేచి నిలబడింది. పద్నాలుగేళ్ళ కిందట నిలబడ్డ చోటే.

"నేను మూడు తప్పులు చేశాను," అంది. "సినిమా హాలుకి వెళ్ళాను. నాది కాని వస్తువు ఒకటి ఇంట్లో పెట్టుకున్నాను. ఆ రెండూ మళ్ళీ చెయ్యమన్నా చేస్తాను. మూడోది మాత్రం..." ఆగింది. "ఎనభై అయిదులో ఇక్కడే నిలబడి నా కూతురు సువార్త మీద అబద్ధ సాక్ష్యం చెప్పాను. అది బిడ్డని వదిలెయ్యలేదు. నేను కళ్ళారా చూశాను. మీరందరూ నా మాట నమ్మారు. ఇప్పుడు కూడా నమ్మండి."

సంఘం పెద్దల్లో ఇద్దరు అప్పటివాళ్ళే. వాళ్ళు తల దించుకున్నారు. పాస్టరు గారు కుర్రవాడు, ఏం చెయ్యాలో తోచలేదు. "కూర్చోండమ్మా. దేవుడు క్షమిస్తాడు. రండి, బల్ల తీసుకోండి."

"దానికి మూడు నెలలు ఆపారండి," అంది పాపాయమ్మ. "నాకూ అంతే."

ముందు వరసలోంచి నడుచుకుంటూ వెళ్ళి, గుమ్మం పక్కన ఆఖరి బెంచీమీద కూర్చుంది. పాట మొదలైంది. జనం ఒకరి వెనక ఒకరు లేచి ముందుకి వెళ్తున్నారు. వినీల కూడా లేచింది. ముందుకి వెళ్ళలేదు. వెనక్కి వచ్చి అమ్మమ్మ పక్కన కూర్చుంది.

"నీకేమైందే? వెళ్ళు."

"వచ్చే నెల వెళ్తాలే."

"వచ్చే నెలా నేను ఇక్కడే ఉంటాను."

"అయితే ఆ పై నెల. నాకేం తొందర?"

పాపాయమ్మ తల దించుకుంది. ముసుగు జారి నెరిసిన జుట్టు మొహంమీద పడింది. వినీల చెయ్యి చాపి దాన్ని చెవి వెనక్కి సవరించింది.